చర్మంపై గడ్డ మామూలుదా, కేన్సరా? స్లైడు మీద తేల్చుకునే పద్ధతి

పాథాలజీ పీజీ రెండో ఏడాదిలో ఒక స్లైడుకి మెలనోమా (మెలనోసైట్లనే రంగు కణాల కేన్సర్) అని డ్రాఫ్ట్ రిపోర్టు రాసేశాను. ముప్పయ్యేళ్ల అబ్బాయి, మెడ మీద నల్లమచ్చ. ఎపిడెర్మిస్‌లో, అంటే చర్మం పైపొరలో, మెలనోసైట్లు ఒక్కొక్కటిగా పైకి ఎగబాకుతున్నాయి, గుంపులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. 40ఎక్స్ లెన్స్‌లో నాలుగుసార్లు చూసి మరీ రాశాను. మా మేడమ్ అదే స్లైడుని లో పవర్‌లో అరనిమిషం చూసి, "ఆ అబ్బాయికి ఫోన్ చేసి ఒక్కమాట అడుగమ్మా, ఇంతకుముందు ఆ మచ్చకి ఏం పెట్టాడో" అన్నారు. అడిగాను. ఆరునెలల క్రితం ఎవరో చెబితే సున్నం, బట్టల సోడా కలిపి పెట్టి కాల్చుకున్నాడట. మచ్చ పోయింది, మళ్లీ వచ్చింది.

అది రికరెంట్ నీవస్, అంటే తిరిగొచ్చిన పుట్టుమచ్చ. సగం పోయిన పుట్టుమచ్చ మళ్లీ పెరిగేటప్పుడు అచ్చం మెలనోమా వేషం వేస్తుంది. మేడమ్ చూసిందల్లా డెర్మిస్‌లో, అంటే చర్మం లోపలి పొరలో, అడ్డంగా ఉన్న, గాయం మాని మచ్చకట్టిన కొలాజెన్ పోగులు. భయపెట్టే మార్పులన్నీ సరిగ్గా ఆ గాయపు మచ్చ పైభాగం వరకే ఉన్నాయి, పక్కకి ఒక్క అడుగు వేయలేదు. దాని అడుగున పాత నీవస్ కణాలు ప్రశాంతంగా కూర్చుని ఉన్నాయి. నేను కణాలు చూశాను, ఆవిడ ఇల్లంతా చూశారు.

ఇప్పుడు మా పీజీలకి చెప్పే క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను. రిపోర్టు చేతిలో పట్టుకుని చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది సొంతంగా నిర్ధారించుకోవడానికి కాదు. డాక్టరు ఏం చూసి అలా రాశారో అర్థం కావడానికి పనికొస్తుంది.

1. ముందు కాగితం, తర్వాతే స్లైడు

"చర్మంపై గడ్డ, బయాప్సీకి" అని ఒక్క ముక్క రాసి ఫారం పంపడం మన దగ్గర మామూలే. దాంతోనే మొదలుపెట్టకండి. వయసు, శరీరంలో ఏ చోటు, ఎన్నాళ్లనుంచి, ముందు ఏం మందు వాడారు, గడ్డ మొత్తం తీశారా లేక అంచున చిన్న ముక్క కోశారా అన్నవి తెలియాలి. లేకపోతే వార్డుకి ఫోన్ చేయండి, విసుక్కున్నా సరే.

పదేళ్ల పిల్లవాడి బుగ్గ మీద ఎర్రటి బుడిపెలో పెద్దపెద్ద మెలనోసైట్లు కనబడితే ముందు స్పిట్జ్ నీవస్ (ప్రమాదం లేని ఒక రకం పుట్టుమచ్చ) గుర్తుకు రావాలి. అవే కణాలు అరవయ్యేళ్లావిడ అరికాల్లో ఉంటే లెక్క వేరు. పాత కాలిన మచ్చలో ఏళ్ల తర్వాత మానని పుండు పడిందంటే, కాదని తేలేవరకు స్క్వేమస్ సెల్ కార్సినోమానే (పైపొర కణాల కేన్సర్) అనుకోవాలి. కశ్మీర్‌లో ఒంటికి ఆనించుకునే కాంగ్రీ కుంపటి వల్ల పొట్ట మీద, తొడల మీద వచ్చేవీ, లంగా బొందు ఏళ్లతరబడి ఒకేచోట ఒరుసుకుని నడుం మీద వచ్చేవీ ఈ కోవలోవే.

మందుల సంగతి మర్చిపోవద్దు. జననాంగాల దగ్గరి పులిపిర్లకి పొడోఫిలిన్ పూస్తే కణాలు విభజన మధ్యలో ఆగిపోతాయి. స్లైడులో మైటోసిస్‌లు (విభజన జరుగుతున్న కణాలు) కుప్పలుగా కనిపించి బొవెన్స్ డిసీజ్ (పైపొర దాటని కేన్సర్) అనిపిస్తుంది. ఇక మన ఇళ్లలో సున్నం పెట్టడం, గుర్రపు వెంట్రుక కట్టడం ఉండనే ఉన్నాయి. "ఏమైనా పెట్టారా?" అని అడిగితే చాలామంది లేదనే అంటారు. "సున్నం గానీ, పార్లర్‌లో కాల్చడం గానీ?" అని పేరుపెట్టి అడిగితే అప్పుడు చెబుతారు.

2. ముక్క ఎలా కోశారో, ఎలా నిలబెట్టారో

ముక్కకి కనీసం పదింతల 10 శాతం ఫార్మలిన్ పోయాలి. చిన్న సీసాలో పెద్ద ముక్కని కుక్కి పంపితే మధ్యభాగం కుళ్లిపోయి న్యూక్లియస్‌లు ఉబ్బుతాయి. అలా ఉబ్బినవాటిని చూసి అటిపియా (కణాల వికారం) అనుకునే ప్రమాదం ఉంది. మార్జిన్లకి, అంటే కోసిన అంచులకి, ఇంకు వేశాకే కత్తి పట్టుకోవాలి. తర్వాత 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందంలో బ్రెడ్ ముక్కల్లా అడ్డంగా కోయాలి. మచ్చ ఉన్న మొత్తం భాగాన్ని బ్లాకుల్లో పెట్టాలి.

అరికాలు, అరచేతి ముక్కలకి మాత్రం ఒక ప్రత్యేక నియమం. అక్కడి చర్మం మీద వేలిముద్రల్లాంటి గీతలుంటాయి కదా, వాటికి అడ్డంగా, అంటే లంబంగా కోయాలి. గీతల వెంబడి కోస్తే గట్టు ఏదో గాడి ఏదో తెలియదు. అరికాలి మచ్చల్లో ఆ తేడానే సగం సమాధానం, కారణం ఆరో మెట్టులో చెబుతాను.

ఎంబెడింగ్‌లో, అంటే మైనం బ్లాకులో పెట్టేటప్పుడు, ముక్క పక్కకి ఒరిగితే సెక్షన్ ఏటవాలుగా తెగుతుంది. అప్పుడు ఒక వరుసలో ఉండాల్సిన బేసల్ (ఎపిడెర్మిస్ అట్టడుగు) కణాలు ఐదారు వరుసలుగా, డెర్మిస్‌లో విడి దీవుల్లా కనిపిస్తాయి. లోపలికి చొచ్చుకుపోయినట్టు భ్రమ కలుగుతుంది. అనుమానం వస్తే పక్కన ఉన్న మామూలు చర్మం చూడండి. అక్కడా ఎపిడెర్మిస్ విపరీతంగా మందంగా ఉంటే తప్పు గడ్డది కాదు, బ్లాకుది. తిరిగి నిలబెట్టి కోయించండి. టెక్నీషియన్‌తో మొహమాటపడితే తర్వాత రిపోర్టు దగ్గర టెన్షన్ పడేది మనమే.

3. 4ఎక్స్ దాటకుండా ఐదు నిమిషాలు

స్లైడుని స్టేజి మీద పెట్టేముందు ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుని ఒట్టి కళ్లతో చూడండి. గడ్డ పైకి లేచిందా, లోపలికి దిగిందా, రెండు సగాలూ ఒకేలా ఉన్నాయా అన్నవి అక్కడే తెలిసిపోతాయి. తర్వాత 4ఎక్స్. నడిమధ్యన గీత గీసినట్టు ఊహించుకుని కుడి, ఎడమ పోల్చండి. అంచులు ఠక్కున ఆగాయా, చెదిరిపోయాయా? అడుగుభాగం సమంగా ఉందా, వేళ్లలా దిగిందా? చర్మంపైన పుండు ఉందా?

సిమెట్రీ, స్పష్టమైన అంచు, సమమైన అడుగు, ఈ మూడూ ఉంటే కేన్సర్ అనడానికి చాలా గట్టి సాక్ష్యం కావాలి. మూడూ లేకపోతే మామూలుదే అనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం కావాలి. గట్టిగా చెబుతున్నాను: ఒక్క వికారమైన కణాన్నో, ఒక్క మైటోసిస్‌నో చూసి కేన్సర్ అని రాయకండి. ఏళ్లుగా ఉన్న నీవస్‌లో వయసు మళ్లి కణాలు వికారంగా తయారవుతాయి. బాగా డిఫరెన్షియేట్ అయిన (మామూలు కణాల్ని పోలిన) స్క్వేమస్ కార్సినోమాలో కణాలు మర్యాదస్తుల్లా కనిపిస్తాయి.

4. పొర కణాల గడ్డలు: సెబొరిక్ కెరటోసిస్ నుంచి స్క్వేమస్ కార్సినోమా దాకా

నడివయసు దాటినవాళ్ల ముఖం, వీపు మీద అతికించినట్టుండే నల్లటి గరుకు మచ్చలు సెబొరిక్ కెరటోసిస్‌లు. మన ఆడవాళ్ల బుగ్గల మీద మిరియాల్లా వచ్చే చిన్న నల్ల పులిపిర్లని డెర్మటోసిస్ పాప్యులోసా నైగ్రా అంటారు. స్లైడు మీద అవీ ఇలాగే ఉంటాయి. చిన్నచిన్న బేసలాయిడ్ (బేసల్ కణాల్లాంటి) కణాలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, మధ్యలో గుండ్రంగా కెరటిన్ నిండిన హార్న్ సిస్ట్‌లు. అడుగుభాగం పక్క చర్మంతో సమానంగా, దారం పట్టి గీసినట్టు ఉంటుంది. గడ్డ పైకే పెరిగింది, కిందికి దిగలేదు.

గోకి గోకి రేగిన కెరటోసిస్‌తోనే చిక్కు. మైటోసిస్‌లు కనిపిస్తాయి, కణాలు సుడి తిరిగినట్టు చిన్న ఉండలవుతాయి, చుట్టూ లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) చేరతాయి. ఆ సుడుల్ని కేన్సర్‌లోని కెరటిన్ పర్ల్స్‌గా పొరబడకండి. సుడిలో కణాలు మామూలుగా ఉంటాయి, సైజు చిన్నది, సంఖ్య ఎక్కువ. కేన్సర్ పర్ల్ పెద్దది, వంకరటింకరది, చుట్టూ ఉన్న న్యూక్లియస్‌లు పెద్దవై చెల్లాచెదురుగా ఉంటాయి.

బొవెన్స్ డిసీజ్‌లో అటిపియా కింద నుంచి పైదాకా ఉంటుంది. కణాల వరుస గాలివానకి పడిపోయిన వరిచేనులా చెదిరిపోతుంది, మైటోసిస్‌లు పై పొరల్లోనూ కనబడతాయి. కెరటోసిస్‌లో వరుస చెడదు. ఎపిడెర్మిస్ కింది సన్నని పొర, బేస్‌మెంట్ మెంబ్రేన్, దాటనంతవరకు బొవెన్స్, దాటితే కార్సినోమా. దాటిందా లేదా అన్నది అంచు నునుపుని బట్టి చూడండి. నునుపైన గుండ్రటి అంచు కాకుండా, కోసుగా చీలిన నాలుకలు, విడిపోయిన రెండుమూడు కణాల గుంపులు, వాటి చుట్టూ లేత కొత్త స్ట్రోమా (గడ్డ చుట్టూ ఆధారంగా ఉండే కణజాలం) ఉంటే దాటినట్టే. అప్పుడు నరాల్ని వెతకండి. నరం చుట్టూ కణాలుంటే, ఆ నరం 0.1 మిల్లీమీటరు లేదా అంతకంటే మందంగా ఉంటే, తల-మెడ భాగంలో దశే మారిపోతుంది.

కెరటోఅకాంథోమా గురించి నా పద్ధతి చెబుతాను. వారాల్లో పెరిగి, మధ్యలో గుంట, రెండువైపులా పెదవుల్లా వంగిన అంచులు, గాజులా మెరిసే గులాబీ కణాలు. ఇవన్నీ మొత్తం గడ్డ చేతిలో ఉంటేనే చూడగలం. పైపైన గీకి పంపిన ముక్కలో దీన్నీ కార్సినోమానీ విడదీయడం సాధ్యం కాదు. అలాంటప్పుడు ధైర్యం చేసి ఏదో ఒక పేరు రాయను. "కెరటోఅకాంథోమా తరహా స్క్వేమస్ గడ్డ, పూర్తిగా తీయవలసినది" అని రాసి సర్జన్‌తో మాట్లాడతాను.

ఇంకొక మోసగాడు సూడోఎపిథీలియోమాటస్ హైపర్‌ప్లాసియా, అంటే కేన్సర్ కాకపోయినా పైపొర అతిగా పెరగడం. పేరు నోరు తిరగదు గానీ పల్లెటూళ్ల నుంచి వచ్చే ముక్కల్లో దీన్ని గుర్తుపెట్టుకోవాల్సిందే. పొలంలో ముల్లు గుచ్చుకున్న కాలు మీద ఏళ్ల తరబడి పెరిగిన గరుకు గడ్డ, స్లైడులో ఎపిడెర్మిస్ అచ్చం కార్సినోమాలా కిందికి దిగింది. కణాల్లో అటిపియా పెద్దగా లేదు, మధ్యమధ్య చీము కణాల చిన్న గుంతలు, జెయింట్ సెల్స్ ఉన్నాయి. ఇక వదలకుండా వెతకండి. పాత రాగి పైసల్లాంటి గోధుమరంగు గుండ్రటి శరీరాలు, మధ్యలో అడ్డగోడతో కనిపిస్తే అది క్రోమోబ్లాస్టోమైకోసిస్, ఫంగస్. వాటికి ప్రత్యేకమైన రంగు కూడా అక్కర్లేదు, మామూలు హెచ్ అండ్ ఇ రంగులోనే కనబడతాయి. అవి లేకపోతే ఫంగస్ కోసం పీఏఎస్, టీబీ కోసం జీల్-నీల్సన్ రంగులు వేయించండి. కింద గులాబీ రంగు రవ్వలాంటి సైటోప్లాజంతో పెద్ద కణాలుంటే గ్రాన్యులర్ సెల్ ట్యూమర్. దానిపైన కూడా ఎపిడెర్మిస్ ఇలాగే నాటకమాడుతుంది. ఇది తెలియక కాలు తీసేసే స్థాయి ఆపరేషన్‌కి దారితీసే రిపోర్టు రాయడం ఎంత ఘోరమో చెప్పక్కర్లేదు.

5. నీలంగా కనిపించే బేసలాయిడ్ గడ్డలు

బేసల్ సెల్ కార్సినోమా మన చర్మంలో తరచు నల్లగా ఉంటుంది. చూసిన డాక్టరు మెలనోమా అనో, పుట్టుమచ్చ అనో రాసి పంపుతారు. స్లైడు మీద అయోమయం తక్కువే. నీలి కణాల దీవులు, అంచున కణాలు కంచెకర్రల్లా వరుసగా నిలబడటం, దీవికీ చుట్టూ ఉన్న స్ట్రోమాకీ మధ్య తెల్లటి చీలిక. మధ్యలో చచ్చిన కణాలు, మైటోసిస్‌లు. ఆ చీలిక ప్రాసెసింగ్‌లో మ్యూసిన్ (జిగురు పదార్థం) ముడుచుకోవడం వల్ల వస్తుంది. ఆర్టిఫాక్టే, అయినా చాలా ఉపయోగపడే ఆర్టిఫాక్టు.

దీనికి జోడీ ట్రైకోఎపిథీలియోమా, ప్రమాదం లేనిది. చీలిక ఎక్కడుందో చూడండి. ఇందులో స్ట్రోమా కణాల దీవిని వదలదు, గట్టిగా పట్టుకునే ఉంటుంది. చీలితే స్ట్రోమాకీ బయటి డెర్మిస్‌కీ మధ్య చీలుతుంది. వెంట్రుక మొదలులాగా స్ట్రోమా కణాలు గుంపుగా దీవిలోకి పొడుచుకొచ్చిన చోట్లు ఉంటాయి. అవి కనిపిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. ఇంకా తేలకపోతే సీకే20 అనే మార్కర్ వేయండి. ట్రైకోఎపిథీలియోమాలో మెర్కెల్ కణాలు అక్కడక్కడ చుక్కల్లా వెలుగుతాయి, బేసల్ సెల్‌లో సాధారణంగా ఉండవు.

6. మెలనోసైట్లు, నిద్రపట్టనిచ్చే మెట్టు కాదు

నీవస్‌ని ముందు మనసులో కుదురుగా ముద్రించుకోండి. పైన గుంపులుగా పెద్ద కణాలు, కిందికి దిగేకొద్దీ గుంపులు చిన్నవై, కణాలు లింఫోసైట్లంత అయి, అట్టడుగున నరపు పోగుల్లా పొడుగ్గా మారతాయి. దీన్నే మెచ్యురేషన్ అంటాం. మెలనోమాలో కింది కణాలూ పైవాటంత పెద్దవే, కొన్నిసార్లు ఇంకా పెద్దవి, లోతుల్లోనూ మైటోసిస్‌లు. 10ఎక్స్‌లో పై నుంచి కిందికి ఒకే గీత వెంట నెమ్మదిగా దిగుతూ న్యూక్లియస్ సైజు పోల్చడం అలవాటు చేసుకోండి.

తర్వాత ఎపిడెర్మిస్. నీవస్‌లో గుంపులు రీట్ రిడ్జ్‌ల (ఎపిడెర్మిస్ నుంచి కిందికి దిగిన వేళ్ల) చివర్లలో, ఎడం ఎడంగా, దాదాపు ఒకే సైజులో. మెలనోమాలో గుంపుల సైజు, ఆకారం ఎవరికి వారే. గుంపుల కంటే విడి కణాలే ఎక్కువ, అవి పక్కకి, పైకి పాకుతాయి. పైకి ఎగబాకే ఈ గుణాన్ని పేజెటాయిడ్ స్ప్రెడ్ అంటారు. పరీక్షల్లో దీన్ని మెలనోమా గుర్తుగా బట్టీపడతాం. నిజజీవితంలో ఇది ఎండకి కాలిన నీవస్‌లో, గాయపడ్డదాంట్లో, స్పిట్జ్‌లో, జననాంగాల నీవస్‌లో, నేను బోల్తాపడిన రికరెంట్ నీవస్‌లో కూడా కనిపిస్తుంది.

అరికాలి నీవస్‌లో అయితే మరీను. భారతీయుల్లో మెలనోమా ఎక్కువగా కనిపించే చోట్లలో అరికాలు ముఖ్యమైనది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. అరికాలి మామూలు నీవస్‌లోనూ కొన్ని కణాలు పైకి ఎక్కుతాయి. కానీ మధ్యభాగంలోనే ఎక్కుతాయి, అటిపియా ఉండదు, స్ట్రేటమ్ కార్నియంలో (అన్నిటికంటే పై పొరలో) మెలనిన్ గాడుల పైన నిలువు స్తంభాల్లా క్రమంగా పేరుకుంటుంది. మెలనోమా మొదటి దశలో కణాలు గట్ల కింది ఎపిడెర్మిస్ వెంబడి విడివిడిగా వరుసకడతాయి. న్యూక్లియస్‌లు మరీ వికారంగా కూడా ఉండవు, కాకపోతే నల్లగా, కోణాలుగా, పొడుగాటి కొమ్మలతో ఉంటాయి. మొదటి దశ అరికాలి మెలనోమాలో అటిపియా కోసం ఎదురుచూస్తే కేసు చేజారుతుంది. ముక్కని గీతలకి లంబంగా కోయమన్నది ఇందుకే.

పిల్లల్లో స్పిట్జ్ నీవస్‌ని 1948లో సోఫీ స్పిట్జ్ వర్ణించినప్పుడు పెట్టిన పేరు పిల్లల మెలనోమా అనే. అంతలా పోలుతుంది. కానీ సిమెట్రీ ఉంటుంది, కణాలు అరటిగెలల్లా నిలువుగా వేలాడతాయి, కణాల గుంపులకీ ఎపిడెర్మిస్‌కీ మధ్య చీలికలుంటాయి, కామినో బాడీలనే గులాబీరంగు ముద్దలు కనిపిస్తాయి, కిందికి మెచ్యురేషన్ ఉంటుంది. నడివయసు దాటినవాళ్లలో స్పిట్జ్ అని రాయాలనిపిస్తే స్లైడుని ఇంకొకరికి చూపించాకే రాయండి. నేను అలాగే చేస్తాను.

మెలనిన్ దట్టంగా ఉండి న్యూక్లియస్ కనబడకపోతే ఊహించకండి. ఒక సెక్షన్‌ని పొటాషియం పర్మాంగనేట్, ఆక్సాలిక్ యాసిడ్‌తో బ్లీచ్ చేయించండి. నల్లటి ముద్దగా కనిపించింది మెలనిన్ మింగిన మాక్రోఫేజ్‌లేనా, మెలనోసైట్లా అన్నది బయటపడుతుంది.

7. ఐహెచ్‌సి ఎప్పుడు, ఎలా

ఐహెచ్‌సి అంటే కణాల్లోని ప్రోటీన్లని యాంటీబాడీలతో రంగు తేల్చి చూసే పరీక్ష. హెచ్ అండ్ ఇ మీద ఒక అభిప్రాయానికి వచ్చాకే వేయాలి, రానప్పుడు వేస్తే ఇంకా గందరగోళం. మన రోగుల చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి గోధుమరంగు క్రోమోజెన్ (ఆ పరీక్షలో రంగు తెచ్చే రసాయనం) వద్దు, ఎరుపుది అడగండి. లేకపోతే మెలనిన్‌నే పాజిటివ్ అనుకుంటాం.

మెలనోసైట్లా కాదా అన్నదానికి సాక్స్10, ఎస్100. నీవస్‌లో హెచ్‌ఎంబీ45 పైన వెలిగి కిందికి ఆరిపోతుంది, మెలనోమాలో అతుకులుగా ఎక్కడపడితే అక్కడ. కానీ బ్లూ నీవస్‌లో మొత్తం వెలుగుతుంది, అది మర్చిపోతే మోసపోతాం. విభజనని చూపే కి-67 నీవస్‌లో కొద్ది కణాల్లోనే, అవీ పైభాగంలోనే. పీ16 పూర్తిగా పోతే అనుమానం పెరుగుతుంది. ప్రేమ్ అనే కొత్త మార్కర్ నాలుగింట మూడొంతులకి మించిన న్యూక్లియస్‌లలో వెలిగితే మెలనోమా వైపు మొగ్గుతుంది. అదీ ఒక్కటే తీర్పు చెప్పదు, డెస్మోప్లాస్టిక్ మెలనోమాలో చాలాసార్లు వెలగదు. ఆ రకంలో మెలాన్-ఏ, హెచ్‌ఎంబీ45 కూడా హ్యాండిస్తాయి. మచ్చ కణజాలంలా కనిపిస్తూ అక్కడక్కడ లింఫోసైట్ల ముద్దలుంటే సాక్స్10 వేయకుండా వదలకండి.

డెర్మిస్‌లో పొడుగాటి కణాల గడ్డ గురించి రెండు మాటలు. ప్రమాదం లేని డెర్మటోఫైబ్రోమాలో అంచున కొలాజెన్ పోగుల్ని కణాలు చుట్టుముట్టి ఉంటాయి, పైన ఎపిడెర్మిస్ మందమవుతుంది, సీడీ34 సాధారణంగా నెగెటివ్. కేన్సర్ రకమైన డీఎఫ్‌ఎస్‌పీ కొవ్వులోకి తేనెపట్టులా చొచ్చుకుపోతుంది, సీడీ34 గట్టిగా వెలుగుతుంది. పైపైన తీసిన ముక్కలో కొవ్వే లేకపోతే ఆ సంగతి రిపోర్టులో రాయండి.

8. కొలతలు, రిపోర్టు

మెలనోమా అని తేలితే బ్రెస్లో మందం, అంటే కేన్సర్ ఎంత లోతు దిగిందో, కొలవాలి. గ్రాన్యులర్ పొర (ఎపిడెర్మిస్ పైభాగంలోని రవ్వల పొర) పైఅంచు నుంచి అన్నిటికంటే లోతున్న కేన్సర్ కణం వరకు, చర్మానికి నిలువుగా. పుండు ఉంటే పుండు అడుగు నుంచి. వెంట్రుక మొదలు వెంట కిందికి దిగిన కణాల్ని లెక్కలోకి తీసుకోకండి. 0.1 మిల్లీమీటరు వరకు రాయాలి. కేన్సర్ దశల్ని నిర్ణయించే ఏజేసీసీ పద్ధతి ఎనిమిదో ఎడిషన్‌లో టీ1 అంటే 1.0 మిల్లీమీటరు వరకు, టీ2 2.0 వరకు, టీ3 4.0 వరకు, ఆపైన టీ4. 0.8 కంటే తక్కువ ఉండి పుండు లేకపోతే టీ1ఏ. ఐపీస్ మైక్రోమీటర్‌ని (మైక్రోస్కోప్‌లో కొలిచే స్కేలుని) స్టేజ్ మైక్రోమీటర్‌తో సరిచూసుకున్నారా లేదా అన్నది ఇక్కడ తేలుతుంది. చాలా చోట్ల అది డ్రాయర్‌లో మూలన పడి ఉంటుంది.

మైటోసిస్‌లు ఎక్కువున్న చోట మొదలుపెట్టి చదరపు మిల్లీమీటరుకి ఎన్నో లెక్కపెట్టాలి. మీ ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ 22 అని ఉంటే 40ఎక్స్‌లో ఫీల్డు వ్యాసం 0.55 మిల్లీమీటర్లు, అంటే నాలుగు ఫీల్డులు కలిస్తే దాదాపు ఒక చదరపు మిల్లీమీటరు. 20 అని ఉంటే ఐదు ఫీల్డులు. పక్క టేబుల్ మైక్రోస్కోప్ లెక్క మీదానికి వర్తించదు.

మార్జిన్ దూరం, పుండు, నరాలు, రక్తనాళాలు రాశాక, తేలని కేసుల్లో ఏం తేలలేదో కూడా రాయండి. "మెలనోసైటిక్ గడ్డ, మెలనోమాని పూర్తిగా తోసిపుచ్చలేం, మిగతాది తీసి మొత్తం పంపండి" అని రాయడం చేతకానితనం కాదు. కాకపోతే ఆ వాక్యం రాసిన రోజే సర్జన్‌కి ఫోన్ చేయండి. సున్నం పెట్టుకున్న ఆ అబ్బాయి విషయంలో రిపోర్టు కంటే ముందు నేను చేయాల్సిందీ ఒక ఫోనే.